గొలుసు ఖాతాకు వెలుపలి కావలివారు
(గ్రామస్థుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



 నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పేరునకు క్రొత్తది. గాని అందలి మర్మము మన గ్రామములకు క్రొత్తది కాదు. బ్లాక్‌చెయిన్ అను మాటను మీలో పలువురు సెల్‌ఫోనులలోను, వార్తాపత్రికలలోను విని యుందురు. చదువుకొను పిల్లలు దానిని గూర్చి ఇంటిలో చెప్పుచుందురు. దాని పేరు చెప్పి పెట్టుబడి పెట్టుడని అడుగువారును కలరు. "ఇందు మనుష్యులతో పనిలేదు, మోసమునకు తావులేదు, సర్వమును యంత్రమే చూచుకొనును" అని వారు చెప్పుదురు. ఆ మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగమును గూర్చి తెలిసికొనుటకే నేటి ఈ ప్రసంగము.

ఈ ఖాతా ఎట్టిది?

ముందుగా బ్లాక్‌చెయిన్ అనగా ఏమో చూతము. కాకతీయుల కాలమునాటి గొలుసుకట్టు చెరువులను మీరెరుగుదురు. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువులో చేరును. ఒక్క చెరువు కట్ట తెగిన, ఆ సంగతి క్రిందనున్న చెరువులన్నింటికిని తెలియును. బ్లాక్‌చెయిన్ అట్టి గొలుసుకట్టు ఖాతా. ఒక పుటలో వ్రాసిన లెక్కల సారము తరువాతి పుట తలపై ముద్రగా పడును. వెనుకటి పుటలో ఒక్క అంకెను మార్చినను ఆ ముద్ర మారిపోవును. తరువాతి పుటలలో ఏదియు పొసగదు. పైగా ఈ ఖాతాకు ఒక్కటే ప్రతి యుండదు. లోకమందు వేలకొలది యంత్రములలో దాని ప్రతులుండును. ఒక కరణము తన ఇంట కూర్చుండి లెక్క దిద్దిన, మిగిలిన వారి ప్రతులు వెంటనే ఆ సంగతిని బయటపెట్టును.

2009 జనవరిలో ప్రారంభమైన బిట్‌కాయిన్ ఇట్టి ఖాతాలలో మొదటి పెద్దది. 2015 జూలైలో ఎథీరియమ్ అను మరియొకటి వచ్చినది. ఇందు సొమ్ము లెక్కలే కాక ఒప్పందములను కూడ వ్రాయవచ్చును. "ఫలానిది జరిగినచో ఫలాని వానికి ఇంత సొమ్ము చెల్లవలెను" అని యంత్రభాషలో వ్రాసి ఖాతాలో ఉంచిన, ఆ షరతు నెరవేరినపుడు ఏ గుమాస్తా సంతకమును లేకయే సొమ్ము చేతులు మారును. దీనికి స్మార్ట్ కాంట్రాక్టు అని పేరు. అప్పులు, వేలములు, బీమా, ఆటలు మొదలగు ఎన్నియో వ్యవహారములు నేడు ఇట్టి ఒప్పందములపై నడచుచున్నవి.

ఖాతాకు గల రెండు లోపములు

ఇంతటి గట్టి ఖాతాకు పుట్టుకతోనే రెండు లోపములు కలవు. మొదటిది: దానికి కన్నులు లేవు. రెండవది: అది తనంతట తాను నిద్ర మేలుకొనదు.

కన్నులు లేవనుటకు కారణమును గ్రహించుట అవసరము. వేలకొలది యంత్రములు అదే లెక్కను మరల మరల చేసి, అందరును ఒకే జవాబు వచ్చినదని అంగీకరించిన పిమ్మటనే ఆ పుట ఖాయమగును. ఆ లెక్కలో "గుంటూరు యార్డులో నేటి మిరప ధర ఎంతయో కనుగొనుము" అని ఒక మాట యున్నదనుకొందము. ఒక యంత్రము ఉదయము అడుగును, వేరొకటి మధ్యాహ్నము అడుగును, ఇంకొకటి వచ్చే ఏడు పాత లెక్కను సరిచూచుకొనుచు అడుగును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జవాబు వచ్చును, ఖాతా చీలిపోవును. కావుననే ఒప్పందము తన ఖాతాలో ఉన్న అంకెలను దప్ప మరి దేనిని చూడరాదని కట్టడి చేసినారు. వాన పడినదా, ధర పెరిగినదా, విమానము ఆలస్యమైనదా అను సంగతులు దానికి తెలియవు. ఎవరో ఒకరు వెలుపలినుండి వచ్చి ఆ సంగతిని ఖాతాలో వ్రాయవలెను.

రెండవ లోపమును మన చెరువు తూముతో పోల్చి చూడుడు. ఏ చేనికి ఎన్ని గడియలు నీరు పారవలెనో ఊరందరికిని తెలిసిన కట్టడియే. ఐనను కట్టడి యున్నంత మాత్రమున తూము తెరచుకొనదు. నీరుగంటి వేకువనే లేచి పోయి దానిని తెరువవలెను. ఈ ఒప్పందములును అట్టివే. గడువు తీరినను, షరతు నెరవేరినను, ఎవరో ఒకరు రుసుము చెల్లించి, తన సంతకముతో ఒక ఉత్తరువు పంపినగాని ఒప్పందము కదలదు.

ఈ రెండు పనులకును ఖాతాకు వెలుపల కొందరు నిర్వాహకులు ఏర్పడినారు. వారు ఖాతాలోనివారు కారు. గాని వారు లేక ఖాతాపై నడచు వ్యవహారము నడువదు. గొలుసునకు లోపలి బలమును గూర్చి అందరును మాటలాడుదురు. గొలుసునకు వెలుపలి ఈ నీరుగంటులను గూర్చి మాటలాడువారు తక్కువ.

నిర్వాహకులలో రకములు

వీరిలో మొదటివారు సమాచారదాతలు. ఇంగ్లీషులో వీరిని ఒరాకిల్ అందురు. పూర్వము గ్రీకులు తమ సోదె చెప్పువారిని ఆ పేరుతో పిలిచెడివారు. ఈ ఒరాకిల్ భవిష్యత్తు చెప్పదు. నేటి ధరను, నేటి వానను చెప్పును. రెండవవారు కావలివారు, వీరికి కీపర్ అని పేరు. షరతు నెరవేరిన క్షణమును కనిపెట్టి ఒప్పందమును కదలించుట వీరి పని. మూడవవారు వారధి కాపరులు. ఒక ఖాతాలోని సొమ్మును వేరొక ఖాతాలో వాడుకొనుటకు వీరు సాక్షి సంతకములు చేయుదురు. నాలుగవవారు వరుసదారులు. పెద్ద ఖాతాపై రద్దీ తగ్గించుటకై పెట్టిన ఉపఖాతాలలో ఎవరి ఉత్తరువు ముందు, ఎవరిది వెనుక అని వరుస కట్టుదురు. ఐదవవారు ఖాతాను చదివి చెప్పువారు. ఫోనులోని కార్యక్రమము సామాన్యముగా నేరుగా ఖాతాను చదువదు. ఇట్టివారి యంత్రమునడిగి మనకు చూపును.

వీరందరును పగలు రాత్రి పనిచేయు కంప్యూటర్లనే వాడుదురు. గాని ఆ కంప్యూటర్ల వెనుక మనుష్యులు, సంస్థలు, ఖర్చులు, లాభములు కలవు. ఈ సంగతిని మరువరాదు.

ఒక్కని మాటయా, పదుగురి మాటయా?

సమాచారదాత తప్పు చెప్పిన ఏమగునో 2019 జూన్ 25వ తేదీన తెలిసినది. సింథెటిక్స్ అను ఒక వ్యవహారమునకు వెలుపలినుండి కొరియా దేశపు నాణెము ధర అందుచుండెను. ఆ నాడు ఒక చోటినుండి వచ్చిన ధర వేయి రెట్లు తప్పుగా వచ్చినది. ఒప్పందము దానిని నమ్మినది. నమ్ముట దప్ప దానికి వేరొక గతి లేదు. ధరల తేడాలను వెదకి బేరములు చేయు ఒక యంత్రము ఆ తప్పును ఆసరాగా గొని కొద్ది సేపటిలో లెక్కలో వంద కోట్ల డాలర్లకు మించిన లాభమును చూపినది. ఆ యంత్రపు యజమాని ఒక బహుమానమునకు అంగీకరించి బేరములను రద్దుచేసికొన్నందున గండము గడచినది. ఖాతాలో ఒక్క అక్షరమైనను చెడలేదు. ఖాతా తనకు చెప్పిన దానిని నమ్మకముగా వ్రాసికొన్నది.

దీనికి కనుగొన్న ఉపాయము మనకు తెలియనిది కాదు. సంతలో ధర తెలియవలెనన్న ఒక్క దళారినే అడుగుదుమా? నలుగురిని అడుగుదుము. ఐదుగురు క్వింటాలు మిరప ధరను 15,000, 15,100, 15,200, 15,300 అని చెప్పగా, ఐదవవాడు లక్షా యాభై వేలని చెప్పెననుకొందము. సరాసరి తీసిన 42,120 వచ్చును. ఒక్కని అబద్ధము లెక్కనంతటిని చెరచును. అట్లు గాక ధరలను వరుసగా పేర్చి నడిమి దానిని గ్రహించిన 15,200 నిలుచును. అబద్ధీకుని మాట వ్యర్థమగును. 2019 మే నెలలో ఎథీరియమ్‌పై పని ప్రారంభించిన చెయిన్‌లింక్ మొదలగు సంస్థలు పలువురు సమాచారదాతల మాటలను కూర్చి ఇట్లు నడిమి ధరను గైకొనుచున్నవి.

ఐనను ఈ ఉపాయమునకును హద్దు కలదు. ఐదుగురిలో ముగ్గురు కూడబలుకుకొన్న నడిమి ధర కూడ వారిదే యగును. ఐదుగురును ఒకే దళారిని అడిగి వచ్చినచో అది ఐదు మాటలు కాదు, ఒక్క మాటయే. ఎంతమంది చెప్పినారని అడిగిన చాలదు; వారు ఎచ్చటెచ్చటినుండి తెలిసికొన్నారని కూడ అడుగవలెను.

2020 మార్చి 12వ తేదీ

కావలివారు రాని రోజున ఏమి జరుగునో చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. అందుచే దీనిని కొంచెము విపులముగా చెప్పెదను.

మీరు బంగారమును కుదువపెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకొందురు. అట్లే మేకర్ అను వ్యవహారములో ఈథర్ అను ఎథీరియమ్ నాణెమును కుదువపెట్టి, డాయ్ అను వేరొక నాణెమును అప్పుగా పొందవచ్చును. ఒక డాయ్ విలువ సుమారు ఒక డాలరు ఉండునట్లు ఏర్పాటు. ఆనాటి నియమము ప్రకారము నూరు డాయ్‌ల అప్పునకు కనీసము నూట యాభై డాలర్ల ఈథర్ కుదువలో ఉండవలెను. ధర తగ్గి అంతకంటె లోపమైనచో కుదువ సొమ్ము వేలమునకు వచ్చును. అప్పును, దానిపై నూటికి 13 వంతున జరిమానాను మినహాయించుకొని, మిగిలిన ఈథర్‌ను అప్పు తీసికొన్నవానికి తిరిగి ఇవ్వవలెను. మాట న్యాయముగనే యున్నది.

ఈ వేలమును మొదలుపెట్టువారు కావలివారు. అందు పాట పాడువారును కావలివారే. వారికి జీతము లేదు. సంతకంటె కొంచెము తక్కువ ధరకు ఈథర్ దొరకుటయే వారి ప్రతిఫలము. సామాన్య దినములలో ఆ పోటీయే ధరను నిలబెట్టుచుండెను.

2020 మార్చి 12న కోవిడ్ భయముచే లోకమందలి సంతలన్నియు కూలినవి. ఒక్క దినములోనే ఈథర్ ధర దాదాపు సగమునకు పడిపోయినది. అందరును ఒక్కసారిగా అమ్మబోయిరి. ఖాతాలో ఒక పుటలో పట్టు ఉత్తరువులకు మితము కలదు. ఎక్కువ రుసుము ఇచ్చినవాని ఉత్తరువు ముందు ఎక్కును. రుసుములు విపరీతముగా పెరిగినవి. కావలివారి యంత్రములలో పెక్కింటికి మామూలు రోజుల రుసుమునే ఏర్పరచి యుంచిరి; వారి పాటలు ఖాతాలోనికి ఎక్కలేదు. కొందరి వద్ద పాటకు కావలసిన డాయ్‌లు నిండుకొన్నవి. వేలపు గడువు పది నిముషములు మాత్రమే.

అట్టి సమయమున కొందరు ఎక్కువ రుసుము చెల్లించి సున్న డాయ్‌లకు పాట పాడిరి. పోటీ పాట ఒక్కటియు రాలేదు. పది నిముషములు గడచినవి. ఒప్పందము తన నియమము ప్రకారము వారికే ఈథర్‌ను అప్పగించినది. ఇట్లు ఊరకనే చేతులు మారిన ఈథర్ విలువ సుమారు 83 లక్షల డాలర్లని తరువాత లెక్క తేలినది.

అప్పు తీసికొన్నవాని వైపునుండి దీనిని చూడుడు. రెండు వందల డాలర్ల ఈథర్ కుదువపెట్టి నూరు డాయ్‌లు తెచ్చుకొన్నవాడు ఒకడున్నాడనుకొందము. ధర పడి కుదువ విలువ 140 డాలర్లైనది. వేలము సక్రమముగా జరిగిన, అప్పు నూరు, జరిమానా పదమూడు పోగా, సుమారు 27 డాలర్ల విలువగల ఈథర్ అతనికి తిరిగి రావలెను. సున్న పాటకు పోయినందున అతనికి దక్కినది శూన్యము. అతడు నియమము తప్పలేదు. పాట పాడినవాడును నియమము తప్పలేదు. ఖాతా అంతకంటెను తప్పలేదు. తూము కడ ఉండవలసిన నీరుగంటులు ఆ వరదనాడు అచ్చట లేకపోవుటయే జరిగిన కీడు.

ఈ లోటును పూడ్చుటకు మేకర్ వారు తమ వాటా నాణెములను క్రొత్తగా పుట్టించి, ఆ మార్చి నెలలోనే వేలము వేసి సుమారు 53 లక్షల డాయ్‌లను కూడబెట్టిరి. వేలపు గడువును పది నిముషములనుండి ఆరు గంటలకు పెంచిరి. 2021లో వేలపు పద్ధతినే మార్చిరి. పాట క్రిందినుండి పైకి పోవుట మాని, హెచ్చు ధరనుండి మెల్లగా క్రిందికి దిగునట్లు చేసిరి. ఇట్లైన, సున్న వద్దకు చేరకముందే ఎవడో ఒకడు కొనుటకు అవకాశము కలుగును. ఐతే నష్టపోయినవారికి పరిహారమీయవలెనా అను ప్రశ్న 2020 సెప్టెంబరులో వాటాదారుల ఓటునకు వచ్చినపుడు, ఈయనక్కరలేదని తీర్పైనది. పద్ధతి బాగుపడినది, గాని పోయినవానికి పోయినది రాలేదు.

ఇందొక నీతి కలదు. కావలివారికి ప్రశాంతమైన దినమున లాభము సులభము. గాలివాననాడు ఖర్చెక్కువ, భయమెక్కువ. వారి అవసరము మిక్కిలిగా నుండునదియు ఆ గాలివాననాడే. వరద లేని నాడు రేవు దాటించుటకు పడవలు చాల దొరకును. వరదనాడు కూడ పడవ వచ్చునట్లు ముందుగా ఏర్పాటు చేయనివాడు రేవును నడుపుచున్నానని చెప్పుకొనరాదు.

రద్దుకాని ముక్త్యారునామా

ఇక వారధి కాపరుల సంగతి. వియత్నాము దేశమున స్కై మేవిస్ అను సంస్థ యాక్సీ ఇన్ఫినిటీ అను ఆటను నడుపుచుండెను. కోవిడ్ కాలమున ఫిలిప్పీన్స్‌లో ఎందరో పేదలు ఆ ఆట ఆడి దినవెచ్చము సంపాదించుకొనిరి. ఆ ఆట ఖాతాకును ఎథీరియమ్‌కును నడుమ రోనిన్ అను వారధి యుండెను. దానికి తొమ్మండుగురు కాపరులు. అందు ఐదుగురి సంతకములున్న సొమ్ము కదలును. తొమ్మండుగురిలో ఐదుగురు చాలునన్న పంచాయితీ వలె భద్రముగనే తోచును గదా!

గాని ఆ తొమ్మిదింటిలో నాలుగు సంతకములు స్కై మేవిస్ చేతిలోనివే. ఐదవది వేరొక సంఘమునది. 2021 నవంబరులో పని రద్దీగా ఉన్నందున, తన తరపున సంతకము చేయుటకు ఆ సంఘము స్కై మేవిస్‌కు తాత్కాలికముగా అనుమతి ఇచ్చినది. డిసెంబరులో ఆ అవసరము తీరినది. అనుమతిని మాత్రము ఎవరును రద్దుచేయలేదు. మన ఊళ్ళలో ముక్త్యారునామా వ్రాసియిచ్చి, పని తీరిన పిమ్మట రద్దుచేయుట మరచి, పొలము పోగొట్టుకొన్నవారిని మీరెరుగుదురు. ఇచ్చట జరిగినదియు అదే. 2022 మార్చి 23న దొంగలు స్కై మేవిస్ యంత్రములలో చొరబడి, ఆ ఐదు సంతకములతో 1,73,600 ఈథర్‌లను, 2 కోట్ల 55 లక్షల డాలర్ నాణెములను తరలించుకొనిపోయిరి. దాని విలువ అరువది కోట్ల డాలర్లకు మించినది. మార్చి 29వ తేదీన ఒకరు తన సొమ్ము తీసికొనబోగా రానందున గాని ఈ దొంగతనము బయటపడలేదు. ఆరు దినములు కాపలా కాచుచున్నవారిని కనిపెట్టువారే లేకపోయిరి. ఇది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పనియని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ఏప్రిల్‌లో ప్రకటించినది. ఆట ఆడువారి సొమ్మును సంస్థ తానే భరించి, జూన్ చివర వారధిని తిరిగి తెరచినది.

కాపరుల సంఖ్య తొమ్మిది. నిజమునకు వారి వెనుకనున్న చేయి ఒక్కటి. సంఖ్యను చూచి మోసపోరాదు.

కిటికీ మూతపడిన దినములు

చదివి చెప్పువారిని గూర్చియు, వరుసదారులను గూర్చియు ఒక్కొక్క మాట చెప్పి ముందుకు పోయెదను. 2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా అను సంస్థ యంత్రములు పాత పద్ధతిలో ఉండిపోయినందున ఖాతానుండి విడిపోయినవి. ఖాతా తన దారిన తాను నడచుచునే యుండెను. ఐనను లోకమున ఎందరో ఆ ఒక్క కిటికీ ద్వారానే చూచుచుండుటచే, ఖాతాయే నిలిచిపోయినదని వారికి తోచినది. 2023 డిసెంబరు 15న ఆర్బిట్రమ్ అను ఉపఖాతాలో వరుసదారు యంత్రము గంటకు పైగా నిలిచిపోయినది. అట్టి ఉపఖాతాలలో వరుసదారు మొండికెత్తినచో, కొంత ఆలస్యముగానైనను నేరుగా పెద్ద ఖాతా ద్వారా తన ఉత్తరువును పంపుకొనుటకు వేరొక త్రోవను ఉంచినారు. తలుపు ఒక్కటే యున్న ఇంటికంటె దొడ్డి తలుపును గల ఇల్లు మేలు గదా.

రైతునకు దీనితో పనియేమి?

"ఇవి ఎక్కడో డాలర్ల వ్యవహారములు, మాకెందుకు?" అని మీరడుగవచ్చును. కెన్యా దేశమున ఎథెరిస్క్ అను సంస్థ, ఏకర్ ఆఫ్రికా అను సంస్థతో కలిసి, చిన్న రైతులకు ఇట్టి ఒప్పందములపై పంటల బీమాను నడిపినది. వాన లోపించినదని వాతావరణపు లెక్కలు చూపిన, దరఖాస్తుతో పనిలేకయే రైతు సెల్‌ఫోనునకు ఎం-పెసా ద్వారా సొమ్ము చేరును. అధికారి పొలమునకు వచ్చువరకు వేచియుండు బాధ తప్పును. ఇది మెచ్చదగిన సంగతియే.

ఐనను ఆ ఒప్పందమునకు రైతు చేను కనబడదు. దానికి అందిన వాన లెక్క కనబడును. లెక్కలో వాన ఉండి, చేనిలో లేకపోయిన, సొమ్ము రాదు. ఈ చిక్కు మన దేశమునకును క్రొత్తది కాదు. 2016లో పునర్వ్యవస్థీకరించిన వాతావరణ ఆధారిత పంటల బీమా పథకము బ్లాక్‌చెయిన్‌పై నడచునది కాదు. ఐనను అందు పరిహారము నిర్ణీత వాతావరణ కేంద్రము లెక్కను బట్టియే వచ్చును. మండలములో వాన కురిసి మన చేలో కురియని ఏడు మనమందరమును చూచినదే. ఖాతా ఎంత గట్టిదైనను, వానను కొలుచు పాత్ర ఎచ్చట నున్నది, దానిని ఎవరు చూచుచున్నారు అను ప్రశ్న మిగిలియే యుండును.

భూమి దస్తావేజుల విషయమును ఇట్టిదే. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్‌ను ప్రయోగాత్మకముగా చేపట్టినది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము విశ్వస్య అను జాతీయ బ్లాక్‌చెయిన్ ఏర్పాటును ప్రారంభించినది. దాని యంత్రములు భువనేశ్వరము, పుణె, హైదరాబాదు నగరములలోని కేంద్రములలో నున్నవి. ఒకసారి వ్రాసిన దస్తావేజును రాత్రికి రాత్రి దిద్దుటకు వీలు లేకుండుట సామాన్యుని పాలిటి వరము. గాని హద్దురాయి ఎచ్చట నున్నదో ఖాతా చూడలేదు. గొలుసు పట్టి కొలుచువాడు సర్వేయరు. వారసులెవరో విచారించువాడు రెవిన్యూ ఉద్యోగి. వారును ఈ ఖాతాకు వెలుపలి నిర్వాహకులే. వారు తప్పు వ్రాసిన, ఖాతా ఆ తప్పును సైతము అంతే భద్రముగా కాపాడును. కావున మొదటి వ్రాత నాడే గ్రామసభలో చదివించుకొని సరిచూచుకొనుట మన బాధ్యత. తప్పును దిద్దించుకొను త్రోవయు తెలిసియుండవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

ఎవరైనను మీ వద్దకు వచ్చి, ఇది యంత్రమే నడుపు పథకము, ఇందు ఎవరిని నమ్మనక్కరలేదు అని చెప్పినచో ఐదు ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: ఈ ఖాతాకు వెలుపలి సంగతులు చెప్పువారెవరు? వారెంతమంది, ఎచ్చటెచ్చట తెలిసికొని చెప్పుచున్నారు?

రెండవది: వారు వేరు వేరు మనుష్యులేనా, లేక ఒక్కరి చేతిలోని పలు ముద్రలా?

మూడవది: వారికి ప్రతిఫలమేమి, తప్పు చెప్పిన దండన ఏమి? కొన్ని వ్యవహారములలో నిర్వాహకులు ముందుగా ధరావతు కట్టుదురు; అబద్ధము రుజువైన దానిని పోగొట్టుకొందురు. ధరావతు లేని కావలివాని మాటకు అంత బరువుండదు.

నాలుగవది: గాలివాననాడు వారు రాకపోయిన ఏమగును? ఉత్తరువునకును అమలునకును నడుమ వ్యవధి యున్నదా, రెండవ తలుపున్నదా? మేకర్ వ్యవహారములో ధరను ఒక గంట ఆలస్యముగా అమలులోనికి తెచ్చు ఏర్పాటు ఇట్టి ఆలోచనతో పెట్టినదే. తప్పు ధర వచ్చిన ఆపుటకు ఆ గంట పనికివచ్చును.

ఐదవది: నాకు నష్టము కలిగిన ఎవరి గడప ఎక్కవలెను? ఆ గడపకు పేరు, చిరునామా కలవా?

ఈ ప్రశ్నలకు సూటియైన సమాధానము చెప్పలేనివానికి మీ కష్టార్జితమును అప్పగింపకుడు. మన దేశమున ఇట్టి నాణెముల లాభముపై 2022 ఏప్రిల్ నుండి నూటికి ముప్పది వంతున పన్ను కలదు. పన్ను ఉన్నది గావున ప్రభుత్వము హామీ యున్నదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. పన్ను వేరు, హామీ వేరు. ఇవి రూపాయివలె చట్టబద్ధమైన చెల్లుబాటు గల ద్రవ్యము కావు. మీ రహస్య సంకేతపదములను ఎంతటి వారికిని చెప్పకుడు. మోసము జరిగినదని తోచిన ఒక్క గడియయైన జాగు చేయక 1930 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుడు. ఎంత త్వరగా చెప్పిన, సొమ్మును మధ్యలో ఆపుటకు అంత అవకాశముండును.

సోదరులారా! ఈ విద్యను నేను నిందించుటలేదు. దిద్దుటకు వీలులేని ఖాతా, అందరికిని కనబడు లెక్క, దరఖాస్తు లేకయే చేతికందు పరిహారము అను ఇవన్నియు మంచి సాధనములు. మన పిల్లలు వీనిని నేర్వవలెను, మన ఊళ్ళకు పనికివచ్చునట్లు మలచవలెను. నేను చెప్పదలచినది ఒక్కటే. నమ్మకము అను బరువును ఈ యంత్రము లేకుండ చేయలేదు. ఒక భుజమునుండి మరియొక భుజమునకు మార్చినది. ఆ భుజము ఎవరిదో తెలిసికొని, అది ఆ బరువును మోయగలదో లేదో చూచి, తరువాతనే అడుగు వేయుడు.